రుచి పైపొడిలో, బరువు నూనెలో: చిప్స్ ప్యాకెట్లను పోల్చి చూస్తే

నల్గొండ క్లాక్‌టవర్ దగ్గరి కిరాణం దుకాణం ముందైనా, మహబూబ్‌నగర్ బస్టాండ్‌లోని స్టాల్ ముందైనా చిప్స్ ప్యాకెట్లు దండలు గుచ్చినట్టు వేలాడుతుంటాయి. అక్షరాలు రాని పిల్లవాడు కూడా రంగును చూపించి తనకు కావలసిన రుచిని అడిగి తీసుకోగలడు. పసుపుది ఉత్త ఉప్పు, నీలిది మసాలా, ఆకుపచ్చది ఉల్లిగడ్డ, ఎర్రది టమాట. అవే ప్యాకెట్లను వెనక్కి తిప్పి పోషకాల పట్టికలను పక్కపక్కన పెడితే మాత్రం ఆ వైవిధ్యమంతా మాయమవుతుంది. శక్తి, కొవ్వు, పిండిపదార్థం, మాంసకృత్తులు అనే నాలుగు అంకెలూ ఒక రుచికీ మరో రుచికీ మధ్యనే కాదు, తరచుగా ఒక కంపెనీకీ మరో కంపెనీకీ మధ్య కూడా కొద్దిపాటి తేడాతోనే కనిపిస్తాయి. కాబట్టి ఏ చిప్స్ మంచివి అన్న ప్రశ్నకు నాలుక చెప్పే జవాబు వేరు, ఒళ్లు చెప్పే జవాబు వేరు. మొదటి జవాబు పైన చల్లిన పొడిలో ఉంది. రెండోది వేయించిన నూనెలో ఉంది, దాని ఊసు ప్యాకెట్ ముందువైపున చాలా అరుదుగా కనిపిస్తుంది.

ఆలుగడ్డలో ఐదింట నాలుగు వంతుల దాకా నీరే. దాన్ని ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంలో ముక్కలుగా తరిగి, పైకి తేలిన గంజి పోయేలా కడిగి, 170–180 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న నూనెలో వేయగానే లోపలి నీరు ఆవిరై బుడగలుగా బయటికి తన్నుకొస్తుంది. రెండు మూడు నిమిషాల్లో ముక్కలో మిగిలే తేమ రెండు శాతం దగ్గరికి పడిపోతుంది. నీరు ఖాళీ చేసిన సందులను నూనె ఆక్రమిస్తుంది. ముక్క నూనెలో ఉన్నంతసేపూ ఆవిరి బయటికి తోస్తూ ఉండడం వల్ల నూనె లోపలికి పెద్దగా చొరబడలేదు. ముక్కను పైకి తీశాక, చల్లారే క్షణాల్లో, లోపలి ఆవిరి తిరిగి నీరుగా మారి ఖాళీ ఏర్పడినప్పుడు, పైన అంటుకొని ఉన్న నూనె లోపలికి పీల్చుకుపోతుంది. ఇంట్లో అప్పాలు చేసేవాళ్లు జల్లిగంటెతో తీసి వెంటనే నూనె వడకట్టడంలోని మర్మం ఇదే. ఫ్యాక్టరీలో ఎంత యంత్రం ఉన్నా ఈ భౌతిక నియమాన్ని పూర్తిగా దాటలేరు. అందుకే మామూలు ఆలుగడ్డ చిప్స్ బరువులో మూడో వంతు నూనె ఉండడం ఏ ఒక్క కంపెనీ నిర్లక్ష్యమో కాదు, ఆ వంటకం స్వభావమే అది. నాలుగు కిలోల ఆలుగడ్డకు కిలో చిప్స్ మాత్రమే వస్తాయన్న లెక్క కూడా ఇందులోంచి వచ్చిందే.

ముక్క ఎంత పలచనైతే దాని బరువుతో పోలిస్తే పై వైశాల్యం అంత ఎక్కువ, పట్టే నూనె అంత ఎక్కువ. గాట్లు గాట్లుగా ఉండే మందపాటి చిప్స్ ఈ విషయంలో కొంచెం నయమని చెప్పవచ్చు కానీ, ఆ గాట్ల మధ్య మసాలా పొడి ఎక్కువ నిలుస్తుంది గనుక నూనెలో మిగిలింది ఉప్పులో పోయే అవకాశం ఉంది.

ఏ ఆలుగడ్డ పడితే అది ఈ పనికి పనికిరాదు. కూరకు తెచ్చిన గడ్డను ఇంట్లో చిప్స్‌గా వేయిస్తే అంచులు నల్లబడి చేదు తగలడం చాలామంది ఎరిగిన సంగతే. గడ్డలోని చక్కెరలు, ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం వేడికి కలిసి ఆ గోధుమ రంగును పుట్టిస్తాయి. చల్లని గిడ్డంగిలో నిల్వ ఉన్న గడ్డలో పిండి కొంత చక్కెరగా మారుతుంది కాబట్టి అది మరింత త్వరగా నల్లబడుతుంది. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ 1998లో కుఫ్రీ చిప్సోనా రకాలను విడుదల చేసింది ఈ ఇబ్బందిని తప్పించడానికే. వాటిలో చక్కెర తక్కువ, గట్టి పదార్థం ఎక్కువ. రంగు ఒక్కటే అయితే ఇంత పట్టింపు అక్కరలేదు. అదే రసాయన చర్యలో ఆక్రిలమైడ్ అనే పదార్థం కూడా తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు బహుశా క్యాన్సర్ కారకం కావచ్చన్న తరగతిలో 1994 నుంచే ఉంచింది. యూరోపియన్ యూనియన్ ఆలుగడ్డ చిప్స్‌కు కిలోకు 750 మైక్రోగ్రాములను గీటురాయిగా పెట్టుకుంది. తినేవాడి చేతిలో ఉన్న పరీక్ష ఒక్కటే: ప్యాకెట్‌లో ముదురు గోధుమ రంగు ముక్క కనిపిస్తే పక్కన పడేయవచ్చు. పేరున్న ఫ్యాక్టరీల్లో అలాంటి ముక్కలను కెమెరాలతో గుర్తించి గాలి ఊది తీసేస్తారు కాబట్టి అవి అరుదు. ఊళ్లో బాండీలో వేయించి తూకానికి అమ్మే చిప్స్‌లో అంత అరుదు కాదు.

నాలుక మీద జరిగేది

ఉప్పు చిప్స్‌తో మొదలుపెట్టడం న్యాయం. దాని పదార్థాల జాబితా మూడు మాటల్లో ముగుస్తుంది: ఆలుగడ్డ, నూనె, ఉప్పు. నోట్లో వేయగానే ముందు ఉప్పు, కొరికాక ఆలుగడ్డ, నమిలాక నూనె తగులుతాయి. దాచడానికి ఏమీ లేకపోవడం వల్ల నూనె పాతబడితే మొదట తెలిసేది ఇందులోనే. ఉప్పు రేణువులు సన్నగా ఉండి పైపైనే ఉంటాయి గనుక నాలుకకు తగలగానే కరిగిపోతాయి. అందుకే నిజానికి ఉన్నదానికంటే ఉప్పగా అనిపిస్తాయి. అన్నంలో కలుపుకునే మామిడికాయ తొక్కులో దీనికి కొన్ని రెట్ల ఉప్పు ఉన్నా, అది నూనెలో, కారంలో, అన్నంలో మునిగిపోయి అంత గట్టిగా పలకదు.

మసాలా చిప్స్ కథ వేరు. లేస్ మ్యాజిక్ మసాలా, అంకుల్ చిప్స్ స్పైసీ ట్రీట్, బింగోలోని మసాలా రకాలు మూడింటికీ మూలం దాదాపు ఒకటే: ఉల్లిగడ్డ పొడి, వెల్లిపాయ పొడి, మిరపపొడి, ధనియాలు, ఎండు మామిడి పొడి, చక్కెర, పులుపు కోసం సిట్రిక్ ఆమ్లం. వీటి నిష్పత్తులే బ్రాండ్లను వేరు చేస్తాయి. లేస్‌లో పులుపు, తీపి ముందుండి కారం వెనక నడుస్తుంది. అంకుల్ చిప్స్‌లో మసాలా వాసన మోటుగా, ఆలుగడ్డ ముక్క కొంచెం దిట్టంగా ఉంటుంది. ఎర్రకారం, చింతపండు, పుంటికూర అలవాటైన పాలమూరు, నల్గొండ నాలుకలకు వీటిలో దేన్లోనూ కారం నిజంగా కారం కాదు. పైన ఎంత ఎర్ర మిరపకాయ బొమ్మ వేసినా లోపలి కారాన్ని దేశమంతటి పిల్లలూ తినగలిగే మోతాదుకు కట్టేసి ఉంచుతారు. మిరప పుట్టించే కొద్దిపాటి మంటకు పులుపూ ఉప్పూ కలిసి లాలాజలాన్ని ఊరించడం తోడవుతుంది. ఆకుపచ్చ ప్యాకెట్‌లోని ఉల్లిగడ్డ, మీగడ రుచి ఇందుకు పూర్తిగా వేరు: పాలపొడి తీపి, ఉల్లి ఘాటు, చివర్లో పులిసిన పెరుగులాంటి ఒక చిరు పులుపు. మన వంటల్లో దానికి నేరుగా బంధువు లేకపోయినా పిల్లల్లో అది బాగా చెల్లడానికి కారణం ఆ పాల తీపే కావచ్చు.

జాబితా చివర్లో 627, 631 అన్న అంకెలు చాలా మసాలా ప్యాకెట్ల మీద కనిపిస్తాయి. అవి రుచిని పెంచే లవణాలు. టమాట పొడిలో, ఈస్ట్ సారంలో, జలవిశ్లేషణ చేసిన కూరగాయల ప్రోటీన్‌లో ఉండే గ్లుటమేట్‌తో (అజినమోటోలో రుచినిచ్చే పదార్థం ఇదే) ఇవి కలిసినప్పుడు, రెండూ విడివిడిగా ఇచ్చే రుచికి ఎన్నో రెట్ల రుచి పుడుతుంది. అజినమోటో కలపలేదని ప్యాకెట్ మీద రాసి ఉన్నా మాంసపు పులుసు తాగినట్టు నోరు నిండిన భావన కలగడానికి ఈ జత కారణం. అనుమతించిన మోతాదులో వీటివల్ల ఆరోగ్యానికి హాని జరుగుతుందని భయపడాల్సిన పని లేదు. ఒకటి తిన్న చేయి రెండోదానికి పోవడంలో మాత్రం వీటి వాటా చిన్నది కాదు.

రుచిలో మూడో భాగస్వామి చెవి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మాస్సిమిలియానో జాంపీని, చార్లెస్ స్పెన్స్ 2004లో ప్రచురించిన ప్రయోగంలో, చిప్స్ కొరికేవాళ్ల చెవులకు వాళ్లు కొరికిన శబ్దాన్నే హెడ్‌ఫోన్ల ద్వారా మార్చి వినిపించారు. చిప్స్ అన్నీ ఒకటే అయినా, శబ్దాన్ని పెంచినప్పుడు వాటిని ఎక్కువ కరకరలాడేవిగా, తాజావిగా జనం చెప్పారు. ఆకారంలో తేడా లేకుండా ఉండడానికి అందులో ప్రింగుల్స్ వాడారు. ప్రింగుల్స్ అచ్చంగా ఆలుగడ్డ ముక్క కాదు, ఎండబెట్టిన ఆలుగడ్డ పలుకులు, ఇతర పిండి కలిపి ముద్ద చేసి అచ్చు వేసినది. దానిలో ఆలుగడ్డ వాటా 42 శాతమే కాబట్టి అది చిప్స్ కిందికి రాదని బ్రిటన్‌లో పన్ను తప్పించుకోవడానికి కంపెనీయే వాదించింది, 2009లో అప్పీలు కోర్టు అది చెల్లదంది. అచ్చు వేసినా, అచ్చంగా తరిగినా కొవ్వు మాత్రం నూటికి ముప్పై దాటే ఉంటుంది.

నూక, మక్క, శెనగ

దక్షిణ తెలంగాణలో ఆలుగడ్డ పెద్దగా పండదు. రాష్ట్రంలో ఆ పంటకు పేరున్నది జహీరాబాద్ వైపు. కుర్‌కురే తరహా కడ్డీలకు కావలసినవి మాత్రం ఇక్కడి రైతుకు బాగా తెలిసిన గింజలే: బియ్యపు నూక, మక్కల రవ్వ, శెనగపిండి. మిర్యాలగూడ మిల్లుల్లో నూక గుట్టలుగా వస్తుంది, పాలమూరు చెలకల్లో మక్క పండుతుంది. ఈ రవ్వల మిశ్రమాన్ని కొంచెం తడిపి, తిరిగే యంత్రంలో ఒత్తిడికి, రాపిడి వేడికి గురిచేసి సన్నని రంధ్రంలోంచి ఒక్కసారి బయటికి వదిలితే, లోపలి తేమ ఆవిరై పొంగి వంకరటింకర కడ్డీలు వస్తాయి. తరువాత వాటిని నూనెలో వేయించి మసాలా పట్టిస్తారు. 1999లో కుర్‌కురే వచ్చినప్పుడు దేశంలో చిప్స్ అంటే ఆలుగడ్డే. అంకుల్ చిప్స్ 1992లో, లేస్ 1995లో వచ్చాయి. ఐటీసీ బింగో 2007లో అడుగుపెట్టినప్పటికి గింజల పిండితో చేసిన త్రికోణాలు, కడ్డీలు పెద్ద వ్యాపారంగా స్థిరపడ్డాయి. రుచిలో ఈ రకానికి ఉన్న మేలు ఏమిటంటే, మురుకులు, కారప్పూస తిని పెరిగిన నోటికి ఇది కొత్త కాదు. పంటి కింద గట్టిగా పలికి, తరువాత పిండిగా మారుతుంది. శెనగపిండి ఉంది కదా అని మాంసకృత్తులు ఎక్కువ ఉంటాయనుకుంటే మాత్రం ఆశాభంగమే: 100 గ్రాములకు ఆరు గ్రాముల చుట్టూ, అంటే ఆలుగడ్డ చిప్స్‌తో ఇంచుమించు సమానం. ఆలుగడ్డ చిప్స్‌లో 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా పొటాషియం మిగిలి ఉంటుంది, నూక కడ్డీల్లో అదీ ఉండదు.

కుర్‌కురేను వెలిగిస్తే మండుతుంది కాబట్టి అందులో ప్లాస్టిక్ ఉందన్న వీడియోలు ఏళ్ల తరబడి ఫోన్లలో తిరిగాయి. వాటిని తొలగించాలని కంపెనీ 2018లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకుంది. మూడో వంతు నూనె, మిగతాది ఎండిన పిండి అయిన ఏ వస్తువైనా వత్తిలాగే మండుతుంది. వేయించిన అప్పడం, సకినం కూడా అంతే. ఆ మంట రుజువు చేసేది ప్లాస్టిక్‌ను కాదు, నూనెను. భయపడవలసిన విషయాన్ని చూపించే పరీక్షను పట్టుకొని లేని విషయానికి భయపడడం విచిత్రం.

పట్టికలోని అంకెలు

ప్రధాన బ్రాండ్ల ఆలుగడ్డ చిప్స్ లేబుళ్లలో 100 గ్రాములకు శక్తి సుమారు 530 నుంచి 560 కిలోకేలరీలు, కొవ్వు 31 నుంచి 36 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు (ఎక్కువైతే గుండెకు మంచిది కాని రకం) 12 నుంచి 16 గ్రాములు, మాంసకృత్తులు ఆరేడు గ్రాములు. సోడియంలో మాత్రం రుచిని బట్టి కొంత విస్తృతి ఉంది, 500 నుంచి 900 మిల్లీగ్రాముల వరకు. వేయించిన కడ్డీలు, త్రికోణాలు కూడా ఈ పరిధిలోనో దాని అంచులోనో ఉంటాయి, సోడియంలో తరచుగా పై అంచున.

ఈ అంకెలకు కొలబద్ద లేకపోతే అర్థం లేదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ లేబుళ్ల కోసం పెద్ద మనిషికి రోజుకు నిర్ణయించిన ప్రమాణం ఇది: 2000 కిలోకేలరీలు, కొవ్వు 67 గ్రాములు, సంతృప్త కొవ్వు 22 గ్రాములు, అదనపు చక్కెర 50 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు, అంటే ఐదు గ్రాముల ఉప్పు. ఒక మనిషి 50 గ్రాముల మసాలా చిప్స్ తిన్నాడనుకుందాం. శక్తి 270 కిలోకేలరీల చుట్టూ, రోజు వాటాలో 13 శాతం. సోడియం 350 మిల్లీగ్రాములనుకుంటే 17 శాతం. మొత్తం కొవ్వు 17 గ్రాములు, నాలుగో వంతు. సంతృప్త కొవ్వు ఏడు గ్రాములు, దాదాపు మూడో వంతు. చిప్స్ అనగానే ఉప్పు, ఉప్పు అనగానే రక్తపోటు అని అందరూ అనుకుంటారు. లెక్క చూస్తే రోజు కోటాను ఎక్కువగా తినేస్తున్నది ఉప్పు కాదు, సంతృప్త కొవ్వు. ఇదంతా పెద్దవాళ్ల ప్రమాణం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు సిఫారసు చేసే శక్తి 1360 కిలోకేలరీలే కాబట్టి, అంగన్‌వాడీకి పోయే పిల్లవాడు అదే 50 గ్రాములు తింటే ఐదో వంతు రోజు అక్కడే ముగుస్తుంది. పప్పు, గుడ్డు, కూర ఉండవలసిన చోట ఆ ఐదో వంతు కూర్చుంటుంది.

సంతృప్త కొవ్వు ఇంత ఉండడానికి కారణం పామోలిన్, అంటే పామాయిల్‌లోని పలచని భాగం. దానిలో 40 శాతానికి పైగా సంతృప్త కొవ్వే. పల్లీ నూనెలో అది 20 శాతం లోపు, తవుడు నూనెలో కొంచెం అటూఇటూగా అంతే, పొద్దుతిరుగుడు నూనెలో 11 శాతం దగ్గర. కంపెనీలు పామోలిన్‌ను ఎంచుకునేది చవక అన్న ఒక్క కారణంతోనే అనుకోవడం కొంత అన్యాయం: ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, త్వరగా పాడవదు, ముక్కకు సొంత వాసన అంటించదు. అయినా వేరే దారి లేదనడం కుదరదు. అమెరికాలో అదే లేస్ ఉప్పు చిప్స్‌ను పొద్దుతిరుగుడు, మక్క, కనోలా నూనెల్లో వేయిస్తారు. అక్కడి లేబుల్ ప్రకారం 28 గ్రాముల చిప్స్‌లో కొవ్వు పది గ్రాములు, సంతృప్త కొవ్వు ఒకటిన్నర గ్రాములు. 100 గ్రాములకు లెక్కిస్తే మొత్తం కొవ్వు ఇక్కడిలాగే 35 గ్రాములు, సంతృప్త కొవ్వు మాత్రం ఐదు గ్రాములు, ఇక్కడిదానిలో మూడో వంతు చిల్లర. భారత్‌లో పామోలిన్‌తో పొద్దుతిరుగుడు నూనెను కలిపి వాడే ప్రయోగాలు మొదలుపెట్టామని పెప్సికో 2024లో చెప్పింది. ఈ మార్పు పూర్తయితే, ప్యాకెట్ ముందు కొత్త రుచి పేరు రాసినప్పటికంటే నిజమైన తేడా వచ్చినట్టు లెక్క.

ముందువైపు రాతల్లో కొన్ని నిజమే అయినా పనికిరానివి. కొలెస్ట్రాల్ లేదన్నది అలాంటిది. ఏ మొక్క నూనెలోనూ అది చెప్పుకోదగ్గంత ఉండదు, అల్లం మీద ఎముకలు లేవని రాసినట్టే. ట్రాన్స్ కొవ్వు లేదన్నది ఒకప్పుడు గొప్ప. 2022 జనవరి నుంచి నూనెల్లోనూ, నూనె వాడే ఆహారాల్లోనూ అది రెండు శాతానికి మించకూడదన్నది దేశమంతటికీ చట్టమే. వేయించకుండా కాల్చినవి అన్న మాటకు మాత్రం కొంత బరువు ఉంది. 2017లో వచ్చిన టూ యమ్ వంటి బ్రాండ్లు ఈ దారిలో నడిచాయి. కాల్చిన రకాల్లో కొవ్వు వేయించినవాటికంటే గణనీయంగా తక్కువగా ఉండవచ్చు. నూనె తగ్గిన మేరకు పిండిపదార్థం పెరుగుతుంది, రుచి నిలవడానికి మసాలా, దానితో ఉప్పు ఎక్కువ పడుతుంది. కాబట్టి ఇలాంటి ప్యాకెట్‌లో చూడాల్సింది కొవ్వు గీత కాదు, సోడియం గీత. జొన్నలు, రాగులు, బహుళ ధాన్యాలు అని పెద్ద అక్షరాల్లో ఉన్నప్పుడు పదార్థాల జాబితా తప్పక చదవాలి. బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం, కాబట్టి బియ్యం, మక్క, నూనెల తరువాత ఎక్కడో ఆరో స్థానంలో జొన్న ఉంటే ఆ పేరు వాసనకు మాత్రమే.

ఇంటి తిండితో పోలిక

ఈ ప్రాంతంలో సాయంత్రపు చిరుతిండి అంటే వేయించిన పల్లీలు, పుట్నాలు, బొరుగులు, ఉడికించిన గుడాలు, పండుగకు సకినాలు, మురుకులు, గారెలు. వీటిని చిప్స్ ఎదుట నిలబెట్టి అన్నీ మంచివేనని తీర్పు చెప్పడం సులువు, అంకెలు మాత్రం అంత సులువుగా ఒప్పుకోవు. వనపర్తి, గద్వాల వైపు పండే పల్లీలో 100 గ్రాములకు శక్తి 560 కిలోకేలరీలు దాటుతుంది, అంటే చిప్స్‌కు ఏ మాత్రం తీసిపోదు. తేడా ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్నదానిలో ఉంది: మాంసకృత్తులు 25 గ్రాముల దాకా, పీచు ఎనిమిది గ్రాములు, కొవ్వులో అధిక భాగం అసంతృప్తం, ఉప్పు మనం వేసుకుంటేనే. పిడికెడు పల్లీలు తిన్నాక కడుపు నిండినట్టు ఉంటుంది. పిడికెడు చిప్స్ తిన్నాక ఆకలి మొదలైనట్టు ఉంటుంది. పుట్నాలు ఇంకా మెరుగు, మాంసకృత్తులు 20 గ్రాములకు పైగా, కొవ్వు ఐదారు గ్రాములే. బొరుగుల్లో కొవ్వు లేదు, అలాగని పెద్దగా మరేమీ లేదు. పచ్చి ఉల్లిగడ్డ, పల్లీలు, నిమ్మరసం కలిపితేనే అవి తిండి అవుతాయి.

సకినాలు, మురుకుల సంగతి చిప్స్‌కు దగ్గర. బియ్యప్పిండిని నూనెలో కాల్చినవే గనుక శక్తిలో పెద్ద తేడా ఆశించకూడదు. నువ్వులు, ఓమ కలవడం, ఇంట్లో పల్లీ నూనె వాడడం వాటికి కలిసొచ్చే అంశాలు. మిఠాయి దుకాణంలో పామాయిల్‌లో చేసినవి కొంటే ఆ రెండోది కూడా పోతుంది. బస్టాండ్ బయట మిర్చిబజ్జీలు వేసే బాండీతో పోలిస్తే ఒక విషయంలో ప్యాకెట్‌దే పైచేయి. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పుట్టే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి నియమం ఉంది. పెద్ద ఫ్యాక్టరీలో దాన్ని కొలుస్తారు, బజ్జీల బండి దగ్గర నూనె నల్లబడి నురగ కట్టేదాకా కొలిచేవాళ్లు లేరు.

ఎంత తింటారన్నది ఇన్ని పోలికల కంటే పెద్ద విషయం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. వడ్డించిన భోజనాల్లో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉన్నా ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో మనిషికి సుమారు 500 కిలోకేలరీలు అదనంగా తిన్నారు. వేగంగా నమిలి మింగడం అందుకు ఒక కారణంగా కనిపించింది. చిప్స్‌లో ఈ గుణం పుష్కలం: నమలడానికి కష్టం లేదు, నోట్లో కరిగిపోతుంది, కడుపుకు కబురు అందేలోపు ప్యాకెట్ ఖాళీ. ఈ కోణంలో ఐదు రూపాయల ప్యాకెట్ ఒక మేలు చేస్తోందని ఒప్పుకోవాలి. పది పన్నెండు గ్రాముల దగ్గర దానంతటదే ఆగిపోతుంది. ధర మారకుండా గ్రాములు తగ్గుతూ రావడం కొనేవాడి జేబుకు నష్టమే గానీ, నడుముకు కాదు. జేబు లెక్క కూడా చూడదగ్గదే: పది రూపాయలకు 22 గ్రాములు వస్తే కిలో 450 రూపాయలు దాటినట్టు.

బడి ప్రాంగణంలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. చిప్స్ ఆ కోవలోకే వస్తాయి. చిలీ దేశంలో 2016 నుంచి ఇలాంటి ప్యాకెట్ల ముందు నల్లని అష్టభుజి ముద్ర తప్పనిసరి. మన దగ్గర 2022లో నక్షత్రాల గుర్తులతో ఒక ముసాయిదా వచ్చింది. హెచ్చరిక బదులు నక్షత్రం పెడితే, అరనక్షత్రం వచ్చిన వస్తువు కూడా ఏదో మెచ్చుకోలు పొందినట్టే కనిపిస్తుందన్న ఆక్షేపణ సమంజసమైనది.

పేరున్న బ్రాండ్ల పక్కనే పేరు లేని ప్యాకెట్లు కూడా అదే దండలో వేలాడుతుంటాయి. ముఖ్యంగా పిల్లలు వేలికొకటి తొడుక్కొని కొరికే పసుపుపచ్చ గొట్టాలు. పారదర్శకమైన కవర్లో, లోపలి సరుకు కనిపించేలా కట్టడమే వాటి ఆకర్షణ, అదే వాటి లోపం కూడా. పెద్ద కంపెనీలు వెండిపూత కవర్ వాడి, గాలికి బదులు నైట్రోజన్ నింపేది వెలుతురు, ఆక్సిజన్ నూనెను చెడగొడతాయనే. పారదర్శకపు కవర్‌కు ఆ రెండు రక్షణలూ ఉండవు. 14 అంకెల లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ, వాడిన రంగు సంఖ్య (పసుపుకైతే 102 లేదా 110 తరచు) ముద్రించి ఉంటే కనీసం అడగడానికి ఒక చిరునామా ఉన్నట్టు; లేనివాటిని పోల్చే ప్రసక్తే లేదు. నల్గొండలో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకే రోజుల్లో దుకాణం బయట పడమటి ఎండకు వేలాడిన ప్యాకెట్, మంచి కంపెనీదైనా సరే, గడువు తేదీకి ముందే నూనె ముక్కిపోయిన వాసన పట్టవచ్చు. తేదీ వేసిన ఫ్యాక్టరీ అది చల్లని, పొడి చోట ఉంటుందన్న లెక్కతో వేసింది కాబట్టి, ఎండకాలంలో బయటి దండలోది కాకుండా లోపలి అరలోది అడిగి తీసుకుంటే అదే ధరకు తాజా సరుకు వస్తుంది.